పెళ్లి లోపల, తల్లి బయట

కన్నకొడుకు పెళ్లి గోడకవతల జరుగుతోంది. ఫిలొమీనా మాత్రం ఇవతల పచ్చిక పక్కన బల్ల మీద కూర్చుని, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని, ఆ గోడకేసే చూస్తోంది.

మాంటై దేవాలయం కొండ మీద వెన్నరంగు రాళ్లతో నిలబడి ఉంటుంది. తన ఊరు ప్రైస్ నుంచి కొండలు దాటి కారులో వస్తుంటే ఊరికంటే ముందు అదే కనిపిస్తుంది. ఫిలొమీనా కాథలిక్కు అయినా పుట్టి పెరిగింది మార్మన్లనే వేరే క్రైస్తవ శాఖవాళ్ల మధ్యే. ఆమె పనిచేసే బడి వంటశాలలో పక్కన నిలబడి పిండి కలిపే ఆడవాళ్లంతా వాళ్లే. వాళ్ల పురుళ్లకు వెళ్లింది, చావులకు వెళ్లింది, వాళ్ల పచ్చరంగు జెల్లీ తిని బాగుందని అబద్ధం కూడా ఆడింది. కానీ దేవాలయం లోపల పెళ్లి ఎలా చేస్తారని అడిగితే మాత్రం, అది పవిత్రమైన సంగతి అని ఒక్క ముక్క చెప్పి, పిల్లల జలుబుల మీదికి మాట మళ్లించేవారు. చెప్పనిదానికి ఊహలెక్కువ. ఆమె ఆడపడుచైతే కత్తులనీ కొవ్వొత్తులనీ ఏవేవో కథలు అల్లి చెప్పింది. ఫిలొమీనా నమ్మలేదు. నమ్మకుండా ఉండనూ లేకపోయింది.

రెంజో ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి ఆరేళ్లప్పుడు బొగ్గుగనిలో కప్పు కూలి తండ్రి సిల్వియో పోయాడు. రెండేళ్ల కిందట వాడు మార్మన్లలో కలిశాడు. ఎఫ్రయిమ్‌లో టర్కీ కోళ్లు పెంచే కుటుంబంలోని అనలీని ప్రేమించాడు. నియమాలు తప్పని మార్మన్లకు బిషప్పు ఇచ్చే చీటీ ఉన్నవాళ్లకు తప్ప దేవాలయంలోకి ప్రవేశం లేదు. ముందు కోర్టులో పెళ్లి చేసుకుంటాం, నువ్వు కళ్లారా చూద్దువుగాని అని రెంజో బతిమాలాడు. అలా చేసుకుంటే దేవాలయం పెళ్లికి ఏడాది ఆగాలి. "నా కోసం ఎవరూ ఏడాది ఆగక్కర్లేదు" అని ఆమె గొప్పగా చెప్పేసింది. ఇప్పుడు ఆ గొప్ప ఎండలో మాడుతోంది.

పచ్చిక మీద వేరే పెళ్లిళ్ల వాళ్లు ఫొటోలు దిగుతున్నారు. గాలి పెళ్లికూతుళ్ల మేలిముసుగుల్ని ఎగరేస్తోంది. ఆ జనంలోంచి టోపీ చేత్తో పట్టుకుని, మెరుగుపెట్టిన బూట్లతో అనలీ తండ్రి వెర్ల్ నడిచి రావడం చూసి ఫిలొమీనా లేచి నిలబడింది.

"మీరేమిటన్నయ్యగారూ, బయటున్నారు?"

"మీలాగే చెల్లెమ్మా. నాకూ చీటీ లేదు."

పెళ్లికూతురి తండ్రే బయట ఉండటం ఆమెకు మింగుడుపడలేదు. అతని భార్య లారీన్ లోపల ఉంది. బాబాయిలూ పిన్నులూ లోపలే ఉన్నారు. వెర్ల్ మాత్రం ఎండకు ఎర్రబడ్డ మెడ తడుముకుంటూ, కిందికి రండి, నా ట్రక్కులో నీడ ఉంది, ఫ్లాస్కులో కాఫీ కూడా ఉంది అన్నాడు. మార్మన్లకు కాఫీ నిషిద్ధమని ఆమెకు తెలుసు. సగం సంగతి అప్పుడే అర్థమైంది.

మిగతా సగం అతనే చెప్పాడు. పన్నెండేళ్ల కిందట కాలవ నీళ్ల వంతు దగ్గర అప్పటి బిషప్పుతో మాటామాటా వచ్చింది. ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు. తెల్లవారుజామున కోళ్ల షెడ్లకు వెళ్తూ కాఫీ అలవాటు చేసుకున్నాడు. ఎవరూ వెళ్లగొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. ఒక గుమ్మం దాటి బయటికొచ్చాడు, తిరిగి వెళ్లలేదు, అంతే. పెళ్లి కుదిరాక ఇప్పటి బిషప్పు పిలిచి, కాఫీ తాగుతావా అని తప్పనిసరి ప్రశ్న అడిగాడు. ఆయన మొహం చూస్తే, లేదను చాలు, చీటీ మీద సంతకం పెట్టేస్తాను అన్నట్టే ఉందట.

"మరి అనలేకపోయారా?" అంది ఫిలొమీనా.

"అబద్ధమాడి అక్కడికెలా వెళ్తానమ్మా? ఇంకెక్కడికైనా అయితే ఆడేవాణ్ణే."

ఆమె కాఫీ ఒక గుక్క తాగి, ఇంత నీళ్ల కాఫీ కోసం కూతురి పెళ్లి వదులుకున్నారా అంది. వెర్ల్ గట్టిగా నవ్వాడు. నవ్వి, తన కప్పు మళ్లీ నింపుకున్నాడు. ఆమె ఇక ఆగలేకపోయింది. మీ పెళ్లి ఇక్కడే జరిగిందిగా, లోపల ఏం చేస్తారో చెప్పండి, నా కొడుకుని ఏం చేస్తున్నారో నాకు తెలియాలి అని అడిగేసింది.

వెర్ల్ టోపీని మోకాలి మీద గుండ్రంగా తిప్పాడు. "కొన్ని చెప్పనని మాటిచ్చాను. నేను వెళ్లడం మానేసినా మాట మాటే. పెళ్లి సంగతి మాత్రం చెప్పొచ్చు. అందులో దాచేదేం లేదు."

చిన్న గది, అన్నాడు. అంతా తెలుపు. మధ్యలో నడుమెత్తు బలిపీఠం, మోకాళ్లు నొప్పెట్టకుండా దాని చుట్టూ మెత్త. పిల్ల ఇటు, పిల్లవాడు అటు మోకరించి, పీఠం మీదుగా చేతులు పట్టుకుంటారు. చుట్టూ కుర్చీల్లో అయినవాళ్లు కూర్చుంటారు, ఇద్దరు సాక్షులుంటారు. పాట లేదు, పూలు లేవు, ఉంగరాల తంతు కూడా లేదు. పెళ్లి చేయించే ముసలాయన నాలుగు మంచి మాటలు చెప్పి, చిన్న మంత్రంలాంటిది చదువుతాడు. 'చావు విడదీసేవరకు' అన్న మాట అందులో ఉండదు. ఇప్పటికీ, ఎప్పటికీ మీరిద్దరూ ఒకటేనని మాటతోనే ముద్ర వేస్తాడు. ఇద్దరూ ఒప్పుకుని, పీఠం మీదుగా వంగి ముద్దు పెట్టుకుంటారు. కోడిగుడ్డు ఉడికేలోపు అయిపోతుంది.

"అంతేనా?" ఫిలొమీనాకు నిజంగా నిరాశ కలిగింది. కత్తులు లేకపోయినా కనీసం కొవ్వొత్తులుంటాయనుకుంది.

"అద్దాలున్నాయి. ఎదురెదురు గోడలకి రెండు పెద్ద అద్దాలు. పెళ్లయ్యాక నిలబడి చూసుకోమంటారు. నువ్వూ నీ పెళ్లామూ, వెనక మళ్లీ మీరే, ఆ వెనకా మీరే. లెక్కకి అందదు. లారీన్ ఏడ్చేసింది. నేను మాత్రం గోడ కాస్త వంకరగా కట్టారేమోనని చూస్తున్నా. ఆ వరస దూరంగా పోయి ఓ పక్కకి వంగుతోంది మరి."

ఫిలొమీనా నవ్వలేదు. ఎప్పటికీ అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. ఆమె పెళ్లిలో ఫాదరు చావువరకు అనే చదివాడు. చావు పదేళ్లకే వచ్చింది. అయితే మీ లెక్కన నేనూ సిల్వియో ఇప్పుడు ఏమీ కామా అని అడిగింది.

వెర్ల్ ఇబ్బందిగా కదిలాడు. మీ తదనంతరం రెంజో మీ ఇద్దరి పేరుమీదా లోపలికెళ్లి ఆ ముద్ర వేయిస్తాడేమో, మావాళ్లు పోయినవాళ్లకి అలా చేస్తారు అన్నాడు. తండ్రి బదులు వాడు మోకరిస్తాడు, మీ బదులు బహుశా మా అనలీ.

"నన్నడక్కుండానా?"

"పైలోకంలో మీరు వద్దనుకుంటే వద్దనొచ్చు. వాళ్లు చెప్పేది అదే."

తన పేరు మోస్తూ ఆ పిల్ల తెల్లబట్టల్లో మోకరించడం ఫిలొమీనా ఊహించుకోబోయింది. కోపం వస్తుందనుకుంది. కోపానికి ముందు ఇంకేదో వచ్చింది, అదేమిటో ఆమెకే తెలియలేదు.

ఇంతలో పైన తలుపు తెరుచుకుంది. ఇద్దరూ కాఫీ కప్పులు వదిలేసి కొండెక్కారు. రెంజో తల్లిని చూడగానే పెళ్లికూతురి చెయ్యి వదిలి పరుగెత్తుకొచ్చి కౌగలించుకున్నాడు. అద్దంలో ఏం చూశావురా అని ఆమె చెవిలో అడిగింది. నీకెవరు చెప్పారని వాడు తెల్లబోయాడు.

"వెనక కుర్చీల్లో నీ కోసం వెతికానమ్మా. లేవని తెలిసీ వెతికాను."

ఆమె వాడి మెడ దగ్గర కాలరు సర్దింది. పక్కన అనలీ తన తండ్రి ఛాతీ మీద తల ఆనించి నిలబడింది. వెర్ల్ కూతురి వీపు మీద చెయ్యి వేశాడు. లారీన్ ఇద్దరినీ చూస్తూ రుమాలు మడత పెట్టుకుంటోంది.

సాయంత్రం విందు ఎఫ్రయిమ్ చర్చి హాల్లో జరిగింది. పిల్లలు ఆడుకునే బాస్కెట్‌బాల్ బుట్టకు తెల్ల కాగితపు పూలు కట్టారు. ఆ బుట్ట కింద, లోపలికి రాలేనివాళ్ల కోసం, రెంజో అనలీ వేలికి ఉంగరం తొడిగాడు. ఇది పెళ్లి కాదని బిషప్పు ముందే చెప్పాడు. అయినా వెర్ల్ కూతురి చెయ్యి పట్టుకుని హాలు పొడవునా నడిపించి తీసుకొచ్చాడు. ఎవరూ కాదనలేదు. ఫిలొమీనా ముందు వరసలో కూర్చుని తృప్తిగా ఏడ్చింది.

జనం పలచబడ్డాక ఆమె అలవాటుగా వంటగదిలోకి వెళ్లింది. వద్దన్నా వినకుండా అనలీ కూడా వచ్చి పళ్లేలు తుడవడం మొదలుపెట్టింది. ఫిలొమీనా దాచుకోలేదు. మీ నాన్న చెప్పాడు, నేను పోయాక నా పేరున నువ్వు మోకరిస్తావట, నిజమేనా అని సూటిగా అడిగింది. అనలీ మొహం కందిపోయింది.

"మీరు వద్దంటే చెయ్యం, అత్తయ్యా."

ఫిలొమీనా ఒక గిన్నె తోమి, కడిగి, దీపం వెలుగులో పట్టి చూసింది.

"మీ మామయ్య గురక మామూలు గురక కాదమ్మా, గోడలదిరేవి. ఎప్పటికీ అంటే కాస్త ఆలోచించుకోవాలి."

అనలీ ఫక్కున నవ్వింది. నవ్వు ఆగాక తడి గుడ్డ భుజాన వేసుకుని, మామయ్య ఎలా ఉండేవారు, రెంజోకి ఆయన గొంతు కూడా సరిగా గుర్తులేదంటాడు అంది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అలా అడగలేదు. ఫిలొమీనా ఇంకో గిన్నె నీళ్లలో ముంచి, సిల్వియో పాడేవాడని, చాలా ఘోరంగా పాడేవాడని మొదలుపెట్టింది. హాల్లో కుర్చీలు మడిచే చప్పుడు ఆగిపోయినా వాళ్లిద్దరూ బయటికి రాలేదు.