పలుగురాయిలో ఉప్పునీటి బొట్టు

నేను ఒక బొట్టు నీళ్లని. కందిగింజలో సగం ఉంటాను. నవ్వకండి, మీ ఊరందరి వయసూ కలిపినా నా వయసుకి చాలదు. భూమి లోపల సలసల కాగుతూ పోతుంటే, పక్కనున్న పలుగురాయి పెరిగి పెరిగి నా చుట్టూ తలుపు మూసేసింది. చల్లారాక నేను కాస్త ముడుచుకున్నాను. మిగిలిన చోట్లో ఒక బుడగ చేరింది. అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకే గదిలో కాపురం. కోట్ల ఏళ్లలో ఒక్కసారీ పోట్లాడుకోలేదు. అలిగి వెళ్లడానికి దారేదీ?

తొలకరి పడగానే మా వైపు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. అలా వెతుకుతూ ఓబుళమ్మ నేనున్న రాయిని ఏరింది. ఎండకి పట్టి వంచింది. బుడగ అటూ ఇటూ నడిచింది. ఆమె మొగుడు కంబగిరి గోడలు కట్టే బేల్దారి మేస్త్రి. అప్పటికే సుత్తి తీశాడు.

"వజ్రం కరిగి నీళ్లయిందే! పగలగొడితే తెలుస్తాది."

"నీ తలకాయలో ఏముందో కూడా పగలగొట్టే చూడాల్నా? లోపల కదులుతాంది, ప్రాణమున్నట్టుంది" అని ఓబుళమ్మ రాయిని కొంగున ముడేసుకుంది.

రాయి పగిలితే నేను క్షణంలో ఆవిరి. మూడు రోజులు ఆ సుత్తి మా చుట్టూనే తిరిగింది. నాలుగో రోజు, రాళ్ల మీద పరిశోధన చేసే షాహీన్ ఆ చేలకి వచ్చి, ఓబుళమ్మ చేతిలో మా రాయిని చూసింది.

"అమ్మా, పగలగొట్టకుండానే లోపలేముందో చెప్తాను."

"గీటు పడకుండా తెచ్చిస్తావా పాపా?"

"ఒట్టు."

యూనివర్సిటీలో ఆమె సారు కూడా సుత్తి జాతివాడే. "పగలగొట్టి పరీక్ష చేస్తే తేలిక కదమ్మా" అన్నాడు.

"ఒట్టేశాను సార్" అని షాహీన్ నన్ను మైక్రోస్కోపు కింద పెట్టి, సూదిమొనంత పచ్చటి లేజర్ కాంతి వదిలింది. గుచ్చుకోలేదు, చక్కిలిగిలి పెట్టింది. మమ్మల్ని తాకి వచ్చే వెలుగు రవ్వంత రంగు మారుతుంది. ఎంత మారిందో చూసి మేమెవరమో చెప్పేస్తారు. కోట్ల ఏళ్ల గుట్టు పావుగంటలో రట్టయింది.

అన్న మాట ప్రకారం రాయి తిరిగొచ్చింది.

"బొట్టు ఉప్పునీళ్లమ్మా. బుడగలో ఉన్నది సోడాలో పొంగే గాలి."

"వజ్రం?" అన్నాడు కంబగిరి.

"లేదు మేస్త్రీ."

"పగలగొట్టుంటే నీకు గుటకెడు సోడా కూడా దక్కేది కాదు" అని ఓబుళమ్మ పకపకా నవ్వింది.

కంబగిరి నవ్వలేదు. గోడ మట్టం చూసుకునే ఆయన రసమట్టం, అదే, బుడగ ఉండే గాజుగొట్టం, పోయిన వారమే పగిలింది. రాయిని తీసుకెళ్లి, కడుతున్న గోడ మీద పెట్టి, ఒంటికన్నుతో బుడగని చూశాడు. సుత్తి సంచిలో పడేశాడు.

అలా కోట్ల ఏళ్లకి నాకు ఉద్యోగం దొరికింది. మొన్న కట్టిన గోడ పడమటికి వాలిందని ఊళ్లో అంటున్నారట. నేను సరిగ్గానే చెప్పాను. వాలింది భూమి. దాన్ని లోపలినుంచి చూసినవాణ్ణి, నాకు తెలీదా?