నల్లబడని గడ్డ

సిటీ బస్సు నడిపే ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఇంట్లో చిన్నీ అంటారు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది ఒక్కసారే, అదీ కడుపునొప్పికి. రెండు రోజుల్లో నొప్పి దానంతటదే పోయింది. కానీ ఆ నొప్పి కోసం తీసిన స్కానింగులో ఇంకో సంగతి బయటపడింది. కాలేయంలో కుడివైపు నిమ్మకాయంత గడ్డ ఉంది.

సీటీ స్కాన్ తీశారు. రక్తంలోకి మందు ఎక్కించగానే గడ్డ తళుక్కుమంది. కొన్ని రకాల క్యాన్సర్లు కూడా అలాగే తళుక్కుమంటాయి.

"ఇదీ అని ఖాయంగా చెప్పలేనమ్మా. అనుమానం పెట్టుకుని తిరిగేకంటే తీసేయడం మేలు," అన్నాడు సర్జన్. గురువారం ఆపరేషన్ అన్నాడు.

చిన్నీతో పాటు ఉండేది ఆమె అక్క. బట్టలు కుడుతుంది. ఆ వారమంతా అక్కాచెల్లెళ్లిద్దరూ గడ్డ మాటెత్తలేదు. అక్క మాత్రం చడీచప్పుడు లేకుండా రెండు గౌన్లు కుట్టింది. పొట్ట మీద కుట్లకు తగలకుండా బాగా వదులుగా, ముందువైపు బొత్తాలతో. మంచం మీద మడతపెట్టి ఉన్న ఆ గౌన్లను చిన్నీ తీసి బీరువా అడుగున పెట్టేసింది.

మంగళవారం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో పరీక్ష ఉందట. అడిగింది స్కానింగ్ డాక్టరమ్మ. ముప్పై ఏళ్లుగా కిటికీలు లేని గదిలో పనిచేస్తోందని ఆసుపత్రిలో అందరూ ఆమెను చీకటి డాక్టరమ్మ అంటారు. సీటీ బొమ్మలు తనకు మింగుడు పడటం లేదని, కత్తి పెట్టేముందు ఒక్కరోజు ఇమ్మని సర్జన్‌ను ఆమే అడిగిందట.

బుధవారం పొద్దున చిన్నీ ఆ గదిలో బల్ల మీద పడుకుంది. అక్క తలవైపు స్టూలు మీద కూర్చుంది. నర్సు చేతి నరంలో సూది అమర్చింది. డాక్టరమ్మ పొట్ట మీద స్కానింగ్ పరికరం ఆనించింది.

"ఇందులో ఏముంటుంది డాక్టర్?" అక్క అడిగింది.

"గ్యాసు బుడగలు. రక్తకణాలంత కూడా ఉండవు. రక్తం ఎటు పోతే అవీ అటు పోతాయి, మనకు తెరమీద మెరుస్తూ కనిపిస్తాయి. కాసేపటికి ఊపిరితో బయటికొచ్చేస్తాయి."

"రక్తంలోకి గాలి పోతే ప్రాణం మీదికొస్తుందంటారే!"

"ఇంత సన్నవాటితో ఏం కాదమ్మా. మీరు భయపడి స్టూలు మీంచి పడకపోతే చాలు."

చిన్నీకి నవ్వొచ్చింది. పొట్ట కదిలి బొమ్మ చెదిరింది. "నవ్వకు తల్లీ, బండి కుదుపుతోంది," అంది డాక్టరమ్మ.

నర్సు మందు ఎక్కించి గడియారం నొక్కింది. తెర నల్లగా ఉంది. ఐదు. ఎనిమిది. పది. పదకొండో సెకనులో గడ్డకు నట్టనడుమ ఒక్క చుక్క వెలిగింది. ఆ చుక్కలోంచి సన్నని గీతలు అన్ని వైపులకూ పరుగుతీశాయి. కన్నుమూసి తెరిచేలోగా నక్షత్రం విచ్చుకున్నట్టయింది. మరో రెండు సెకన్లకు గడ్డంతా అంచుల దాకా వెలుగుతో నిండిపోయింది.

అక్క స్టూలు మీంచి లేచి నిలబడింది.

"అది నా లోపలేనా?" అంది చిన్నీ.

"నీ లోపలే. ఇప్పుడు, ఈ నిమిషంలో." డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇంత తేటగా నేనెప్పుడూ చూళ్లేదు తల్లీ. ఇలా నడుమ నుంచి విచ్చుకోవడం మంచి గుర్తే. కానీ అప్పుడే సంబరపడకండి. ఇది సగమే. చెడ్డ గడ్డయితే ఈ వెలుగు నిలవదు, మెల్లగా నల్లబడుతుంది. ఐదు నిమిషాలు చూడాలి."

ఆ ఐదు నిమిషాలు గడవడం గగనమైంది. చుట్టూ ఉన్న కాలేయం కూడా నిదానంగా వెలుగందుకుంది. డాక్టరమ్మ నిమిషానికోసారి పరికరాన్ని గడ్డ మీదికి తెచ్చి చూసేది. రెండో నిమిషం, మూడో నిమిషం. అక్క చెల్లెలి చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో, వేళ్లు తెల్లబడ్డాయి. ఐదో నిమిషానికి గడ్డ ఏదో, కాలేయం ఏదో తేడా తెలియనంతగా రెండూ ఒకే వెలుగులో ఉన్నాయి.

"నల్లబడలేదు," అంది డాక్టరమ్మ. ఇంకాసేపు చూసి మళ్లీ అంది, "నల్లబడలేదమ్మా!"

"అయితే ఏంటది?" అక్క అడిగింది.

"కాలేయమే. ఎప్పుడో ఒక రక్తనాళం దారి తప్పి అక్కడికి ఎక్కువ రక్తం మోసింది. అందిన చోట కాలేయం కాస్త ఎక్కువ పెరిగింది, అంతే. దీనివల్ల ఏ హానీ లేదు. మధ్యాహ్నం ఎంఆర్ఐ కూడా తీసి రూఢి చేసుకుందాం."

కాలేయ కణాలు మాత్రమే పీల్చుకునే మందు ఎక్కించి ఎంఆర్ఐ తీశారు. మిగతా కాలేయంలాగే గడ్డ కూడా దాన్ని బుద్ధిగా పీల్చుకుంది.

సాయంత్రం సర్జన్ వచ్చి ఆ నక్షత్రం వీడియోను నిలబడే రెండుసార్లు చూశాడు.

"రేపు దీన్ని కోసి పారేసేవాణ్ని," అన్నాడు. తర్వాత చిన్నీ వైపు తిరిగి, "ఇంటికెళ్లండమ్మా, ఆపరేషన్ లేదు," అన్నాడు. అక్క గోడకు ఆనుకుని బావురుమంది. చిన్నీ మాత్రం పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ముప్పై ఆరేళ్లుగా తనకు తెలియకుండా తన లోపల ఎంత జరుగుతోందో!

ఆరు నెలల తర్వాత డ్యూటీకీ డ్యూటీకీ మధ్య దొరికిన గంటలో, యూనిఫాంలోనే వచ్చి మళ్లీ పరీక్ష చేయించుకుంది. గడ్డ వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

"ఇక నాతో నీకు పనిలేదు," అంది డాక్టరమ్మ.

చిన్నీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. టైం చూసుకుని, బస్సు తీయడానికి గబగబా మెట్లు దిగింది.