ఆపినవారి పేరు

పొద్దున టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులు పిండుతుంటే ఫోన్ మోగింది. మా సెంటర్ డైరెక్టర్ రామబ్రహ్మం గారు. ప్రొఫెసర్ హేమంత్ గారి పని అర్జెంటట, ముందుకు జరపాలట. "నీది ఆపుకుందువు గానీ. మనమ్మాయివే కదా, అర్థం చేసుకుంటావు" అన్నారు. వచ్చి చూస్తానన్నాను.

గచ్చిబౌలిలో మా సెంటర్. చుట్టుపక్కల కాలేజీల పెద్ద పెద్ద లెక్కలన్నీ మా సూపర్ కంప్యూటర్ మీదే నడుస్తాయి. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని ఆ క్యూ చూసేది నేను, తొమ్మిదేళ్లుగా. ఆ క్యూలోనే నా పీహెచ్‌డీ లెక్క కూడా ఒకటుంది. గట్టి వాన పడితే హైదరాబాద్‌లో ఏ బస్తీ ఎంత మునుగుతుందో చెప్పే లెక్క. ఐదు రోజులు ఆగకుండా నడవాలి, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే. యూనివర్సిటీ వాళ్లు రెండుసార్లు గడువు పెంచి, ఇక పెంచేది లేదన్నారు. సోమవారం ఆఖరు. ఇవాళ గురువారం, మూడు రోజులు నడిచింది. ఇప్పుడు ఆపితే నా చదువు అంతే సంగతులు.

"ఇన్నేళ్లు రాని పట్టా ఇప్పుడు రాకుంటే ఏమిలే. పెద్దాయనతో నీకెందుకు తగువు" అన్నాడు మా ఆయన వెంకటరమణ, ఉగ్గాని తింటూనే. మా అత్త సుబ్బమ్మది ఎప్పుడూ ఒకటే మాట. "నీ మిషనేమన్నా సంటిబిడ్డనా, నువ్వు లేకుంటే ఏడ్చేదానికి?" అది ఏడవదత్తా, ఏడ్చేది నేను. పైకి అనలేదు. అనే ఓపిక కూడా లేదు. బాక్సులు సర్ది, చందానగర్‌లో బస్సెక్కి నిలబడే వెళ్లాను. పడుకుని లేచినా తీరని అలసట నాది.

సీట్లో కూర్చుని, నా పని ఆపమని టైపు చేశాను. నొక్కే ముందు ఇప్పటికి ఎన్నిసార్లు ఆపారో చూద్దామని పాత రికార్డు తీశాను. నిజం చెప్పొద్దూ, వీళ్లందరి మీదా కసితీరా కోపం తెచ్చుకుందామనే తీశాను. పదకొండుసార్లు. ఒకసారి ఎవరిదో కాన్ఫరెన్స్, ఒకసారి ఎవరో మంత్రిగారి రాక, ఒకసారి మా మరిది పెళ్లికి నేను సెలవు పెడుతూ, లేనప్పుడు గొడవెందుకని. పక్కన ఆపినవారి పేరు ఉంటుంది. పదకొండుసార్లూ సౌజన్య అని నా పేరే ఉంది. వాళ్లెవరూ ఆపలేదు, అడిగారంతే. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. టైపు చేసింది చెరిపేశాను.

కాసేపటికి రామబ్రహ్మం గారే నా దగ్గరికొచ్చి, అయిందా అని అడిగారు.

"నేను ఆపను సార్. మీ లాగిన్‌తోనూ ఆపొచ్చు. కావాలంటే మీరే ఆపండి."

ఆయన స్క్రీన్ వంక చూశారు. "నా పేరు మీద ఎందుకమ్మా? రికార్డులో ఉండిపోతుంది."

"ఉంటుంది సార్. నాది పదకొండుసార్లుంది."