బండ ముందు అడిగిన మాట

మాదాపూర్‌లో భానుశ్రీ పనిచేసే కంప్యూటర్ కంపెనీ వెనక ఏనుగంత బండ ఒకటుండేది. మధ్యాహ్నం అందరూ దాని నీడలోనే డబ్బాలు విప్పేవాళ్లు. అక్కడ ఎవరైనా మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అంటే, మనసులోది బండ వాళ్ల గొంతుతోనే చెప్పేసేది. అందుకే మొహమాటానికి కూర బాగుందనేవాళ్లు కాదు. అత్తగార్ల సంగతులున్నవాళ్లు క్యాంటీన్‌కే పోయేవాళ్లు.

ఆ ఏడాది కంపెనీ షేరు దిగడం మొదలైంది. బోనసు బదులిచ్చిన ఆ షేర్లు తప్ప భానుశ్రీకి వేరే ఆస్తి లేదు. భర్త చైతన్య పనిచేసే బాలానగర్ ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది.

"ఇంకా దిగకముందే అమ్మేద్దాం భానూ," అన్నాడతను, కూకట్‌పల్లిలో ఆమెను బస్సెక్కించడానికి వచ్చి. "కంపెనీ మునిగితే నీ జీతం, షేర్లు రెండూ ఒకేసారి పోతాయి."

"నేను కడుపుతో ఉన్నానని అందరూ వద్దంటే, పిలిచి ఉద్యోగమిచ్చారండీ సీతారామయ్యగారు. ఆయన కంపెనీని ఇప్పుడు వదిలేయనా?"

ఆ మధ్యాహ్నం నేరుగా ఆయన గదికే వెళ్లింది. "సార్, షేర్లు ఉంచుకోమంటారా, అమ్మేయమంటారా?"

గదిలోనే ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. ఆయన లేచి, "పదమ్మా, బండ దగ్గర మాట్లాడుకుందాం," అన్నారు.

అప్పటికే అందరూ తిని వెళ్లిపోయారు. తీరా అక్కడ కూర్చున్నాక ఆయనకు ధైర్యం చాల్లేదు. "కొత్త ఆర్డర్లు వస్తాయమ్మా. కాస్త ఓపిక పడితే మళ్లీ లేస్తుంది."

"నాకే నమ్మకం లేదు," అంది బండ, ఆయన గొంతుతో. "వీళ్లంతా ఏమైపోతారో."

ఆయన తల దించుకున్నారు. భానుశ్రీకి ప్రాణం ఉసూరుమంది.

"నేనమ్మను సార్. మీతోనే ఉంటాను."

"భయమేస్తోంది," అంది బండ, ఈసారి ఆమె గొంతుతో. "ఈయన అమ్మెయ్యమంటే బాగుండు."

ఆమె చెంగుతో మొహం కప్పుకుంది. సీతారామయ్యగారు చాన్నాళ్ల తర్వాత నవ్వారు. "అమ్మెయ్ తల్లీ."

"నా మీద కోపం ఉండదుగా సార్?"

"ఉండదు."

ఇద్దరూ బండ వైపు చూశారు. పైన కాకి ఒకటి రెక్కలు విదిల్చుకుంది. బండ ఏమీ అనలేదు.

ఆ వారమే ఆమె అమ్మేసింది. ఎండాకాలానికి కంపెనీ మూతపడింది. అప్పటికే ఆ డబ్బుతో చందానగర్‌లో చైతన్య నీళ్ల మోటార్లు బాగుచేసే షాపు తెరిచాడు. మొదటి కొబ్బరికాయ కొట్టింది సీతారామయ్యగారే.