ఐదో దీపం

మంచు బళ్ళతో గడ్డకట్టిన సరస్సు మీదికి దిగేముందు గైడు రిస్తెన్ తన వెంట వచ్చే యాత్రికులను వరసగా నిలబెట్టి ఒక్క విషయం మాత్రం హెల్మెట్ తీసి చెబుతుంది. బ్రేకు ఎక్కడ, చేతులు వెచ్చబెట్టే మీట ఎక్కడ, మలుపులో ఎటు వంగాలి, ఇవన్నీ హెల్మెట్ పెట్టుకునే చెప్పేస్తుంది.

"మీ వెనక బండి దీపం కనబడుతోందో లేదో చూసుకుంటూ ఉండండి. కనబడకపోతే ఆగండి. మీరాగితే మీ ముందువాళ్ళు ఆగుతారు, చివరికి నేనూ ఆగుతాను. ఒకరు కనబడకపోతే అందరం ఆగుతాం. అంతే."

పందొమ్మిది చలికాలాలుగా చెబుతున్న మాటే ఆ ఫిబ్రవరి పొద్దున కూడా చెప్పింది. చెబుతూనే గడియారం చూసుకుంది. తొమ్మిదిన్నరకు కదలాల్సిన బళ్ళు పదైనా కదల్లేదు.

సరస్సుకు అవతలి ఒడ్డున ఆమె పెద్దమ్మ వాప్పు ఇల్లు ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఇంటి ముందుకు టాక్సీ వస్తుంది. ఎనభై నాలుగేళ్ళ పెద్దమ్మను ఎక్కించుకుని మూడువందల యాభై కిలోమీటర్లు దక్షిణంగా ఉన్న వృద్ధుల వసతికి తీసుకుపోతుంది. దగ్గరలో ఎక్కడా మంచం ఖాళీ లేదన్నారు. రిస్తెన్‌ను పెంచింది ఆ పెద్దమ్మే. కన్నతల్లి స్వీడన్‌లో ఫ్యాక్టరీ పనికని వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

రెండు వారాల కిందట ఇద్దరికీ మాటామాటా పెరిగింది. మా ఇంట్లో గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమని రిస్తెన్ అడిగింది. నువ్వు పొద్దున ఏడింటికి పోయి రాత్రి ఏడింటికి వస్తావు, నీ పొయ్యి ముందు ఒంటరిగా కూర్చోడానికి నా పొయ్యేం తక్కువ అని పెద్దమ్మ అంది. ఆ విసురులో రిస్తెన్ నోట ఒక మాట వచ్చేసింది. "అయితే ఆ పరాయివాళ్ళ దగ్గరికే పో. నిన్ను చూడ్డానికి మాత్రం నేను రాను."

ఆ మాటే రెండు వారాలుగా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. ఫోనులో చెబుదామంటే పెద్దమ్మకు ఫోను సరిగ్గా వినబడదు. వినబడినా చలి ఎంత ఉందో అడిగి పెట్టేస్తుంది. ఈ రోజుకు సెలవు అడిగితే రెండో గైడు జ్వరంతో పడుకున్నాడన్నాడు యజమాని. ఎలాగూ అందరూ మధ్యాహ్నం ఆగి సూపు తాగేది మీ పెద్దమ్మ ఇంటి దగ్గరే కదా, ఒంటిగంటకల్లా అక్కడుంటావు, ఇంకేం కావాలి అని కూడా అన్నాడు. నిజమే, ఒంటిగంటకు చేరితే గంటసేపు ఉంటుంది. నోరు జారిన మాటను వెనక్కి తీసుకోడానికి గంట చాలు.

అన్నీ సర్దుకుని కదలబోతుంటే కొత్తగా పెళ్ళైన అమ్మాయి బాత్రూముకు వెళ్ళాలంది. మూడు పొరల బట్టలు విప్పి, మళ్ళీ మూడు పొరలు తొడిగి, బూట్లు బిగించి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. రిస్తెన్ నవ్వుతూనే నిలబడింది. ఈ ఉద్యోగంలో కోపం హెల్మెట్ లోపలే ఉండాలి.

మొత్తం ఐదు బళ్ళు. ముందు రిస్తెన్. ఆమె వెనక ఆ జంట ఒకే బండి మీద. తరవాత మిలాన్ నుంచి వచ్చిన అన్నదమ్ములు రెమో, ఇవానో చెరో బండి మీద. చివర లీవెన్ అనే బెల్జియం ఆయన, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. కళ్ళద్దాలలోంచి లోకాన్నంతా మెచ్చుకుంటున్నట్టు చూస్తాడు. నిదానంగా నడిపేవాణ్ణి తన వెనకే పెట్టుకోవాలి నిజానికి. ఎంత చెప్పినా ఆయన వినలేదు. తనవల్ల మిగతావాళ్ళకు ఆలస్యం కాకూడదు, అందుకే చివర ఉంటానన్నాడు. వాదిస్తే ఇంకో పది నిమిషాలు పోతాయని ఊరుకుంది.

మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఆకాశం అంచున గులాబీ రంగు, కింద నీలం మంచు. ఆ అందమంతా వెనకున్నవాళ్ళ కోసమే. రిస్తెన్‌కు కనబడుతున్నవి దారి పొడుగునా గుచ్చిన కర్రలు, మణికట్టు మీద గడియారం ముళ్ళు, భుజం మీదుగా తిరిగి చూసినప్పుడు నాలుగు దీపాలు.

పదకొండున్నరకు తిరిగి చూస్తే రెండే ఉన్నాయి.

కర్రల దారి దాటి పోవద్దని చెప్పింది. మంచు కింద గడ్డ మీద నీరు నిలిచి ఉంటుంది, పైకి కనబడదు, అందులో దిగితే బండి బురదలో దున్నపోతే అని చెప్పింది. అన్నదమ్ములు తలలూపారు. తలలూపినవాళ్ళు ఎవరి బండి మంచుదుమ్ము ఎక్కువ ఎత్తుకు లేపుతుందో పందెం కట్టుకుని దారి దాటి పోయారు. ఆమె వెళ్ళేసరికి రెండు బళ్ళూ సీట్ల దాకా దిగబడి ఉన్నాయి. మోకాళ్ళ లోతు నీళ్ళ మంచులో నిలబడి ఇద్దరూ ఒకరినొకరు ఫోటో తీసుకుంటున్నారు.

"మీరు కూడా రండి, ముగ్గురం తీసుకుందాం," అన్నాడు ఇవానో.

రిస్తెన్ పార తీసింది. నీరు తోడి, మంచు తొక్కి గట్టిచేసి, తాడు కట్టి ఒక్కో బండినీ లాగింది. బయటికొచ్చిన బండి పట్టాల మీద నీరు అప్పటికప్పుడు గడ్డకట్టింది. దాన్ని గొడ్డలి వెనకవైపుతో కొట్టి రాల్చింది. కొట్టిన ప్రతి దెబ్బా ఎవరి మీద పడాల్సిందో ఆమెకు తెలుసు. ఒంటిగంటకు చేరాల్సిన మనిషి పన్నెండూ నలభైకి ఇంకా సగం దారిలో ఉంది.

పోనీ ఇకనైనా సాఫీగా పోతుందనుకుంటే లీవెన్ మొదలుపెట్టాడు. ఆయన దీపం వెనకబడుతుంది, ఆమె ఆగుతుంది, అందరూ ఆగుతారు, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు వస్తాడు, మళ్ళీ బయలుదేరతారు. రెండుసార్లు వేగం మీట నొక్కి నొక్కి బొటనవేలు నొప్పి పుట్టిందన్నాడు. మూడోసారి ఎంతకీ రాకపోతే ఆమె వెనక్కి పోయింది. ఒక దీవి అంచున బండి ఆపి, చేతి తొడుగు తీసేసి, అరచేతిలో రొట్టెముక్క పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదుట దేవదారు కొమ్మ మీద ఒక అడవి గోరింక.

"చప్పుడు చేయకండి," అన్నాడు మెల్లగా. "వచ్చేట్టుంది."

ఆ పిట్ట అదృష్టం తెస్తుందని ఆమె వాళ్ళంతా నమ్ముతారు. దాన్ని అదిలించకూడదు. అదిలించకూడదు కాబట్టి అది తినేదాకా రిస్తెన్ నిలబడింది, కాలు కాలిన పిల్లి ఒకచోట నిలబడగలిగినంతసేపు. పిట్ట తీరిగ్గా తింది. తిని, ఇంకో ముక్క కోసం చూసింది.

ఒకరు కనబడకపోతే అందరూ ఆగాలన్న ఆ నియమం పెట్టింది ఎవరో గాని అని మనసులో తిట్టుకుంది రిస్తెన్. ఎవరో కాదు. ముప్ఫై నాలుగేళ్ళ కిందట, ఆమెకు పన్నెండేళ్ళప్పుడు, పెదనాన్న యోహన్ ఇంకో ఇద్దరితో కలిసి వలలు చూడ్డానికి మూడు బళ్ళ మీద వెళ్ళాడు. తిరిగి వస్తుంటే కిటికీ దగ్గర పెద్దమ్మ, ఆమె పక్కన తను. పెద్దమ్మ "రెండే" అంది. ఆ ఇద్దరూ వచ్చి, బూట్లు విప్పి, కాఫీ చేతికి తీసుకున్నాక గాని వెనకవాడు లేడని వాళ్ళకు తట్టలేదు. జలసంధి దగ్గర, కింద నీరు పారే చోట, మంచు విరిగి ఉంది. మే నెలలో సరస్సు కరిగాక యోహన్ దొరికాడు. అప్పటినుంచి ఆ కిటికీ దగ్గర లెక్క తప్పలేదు. "నీకెన్ని రెయిన్‌డీర్లున్నాయని ఎవర్నీ అడగకు, అది మర్యాద కాదు. ఎన్ని దీపాలతో వెళ్ళారని మాత్రం ప్రతిసారీ అడుగు," అని పెద్దమ్మ రిస్తెన్‌కు నేర్పింది. గైడు పనిలో చేరిన రోజు రిస్తెన్ మొదట పెట్టుకున్న నియమం కూడా ఆ లెక్కే.

రెండూ ఐదుకు చివరి మలుపు తిరిగారు. ఎదురుగా నాలుగు కిలోమీటర్ల తెల్లటి మైదానంలా సరస్సు, ఆ చివర ఎర్ర గోడల ఇల్లు. ఇంటి ముందు రెండు లైట్లు వెలుగుతున్నాయి. టాక్సీ వచ్చేసింది.

అది చూశాక రిస్తెన్‌కు ఇంకేమీ కనబడలేదు. బొటనవేలితో మీట నొక్కింది. చలి మెడ పట్టీలోంచి సూదిలా దిగింది. వెనక ఇంజన్ల మోత వినబడుతోంది. మోత వినబడుతోంది కదా, వస్తున్నారు కదా అనుకుంది. ఆ నాలుగు కిలోమీటర్లలో ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

పెద్దమ్మ వాకిట్లోనే ఉంది. మంచి శాలువా కప్పుకుని, వెండి పిన్ను పెట్టుకుని, కర్ర ఊతంగా నిలబడి సరస్సు వైపు చూస్తోంది. పక్కన టాక్సీ డ్రైవరు ఓయ్వా, నలభై ఏళ్ళవాడు, తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. దారిలో ఇంకొకరిని ఎక్కించుకోవాలి, పోదాం అవ్వా అని వాడు ఎన్నిసార్లు అన్నాడో వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

రిస్తెన్ బండి దిగి హెల్మెట్ లాగేసింది. పెద్దమ్మా అంటూ రెండడుగులు వేసింది.

"నాలుగే," అంది పెద్దమ్మ.

రిస్తెన్ వెనక్కి చూసింది. జంట, రెమో, ఇవానో. అన్నదమ్ములు ఎవరు ముందొచ్చారని గొడవపడుతున్నారు. సరస్సు మీద ఇంకే దీపమూ లేదు.

"ఎన్నింటితో బయలుదేరావు?"

"ఐదు."

పెద్దమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

"పెద్దమ్మా, ముందు నీతో ఒక్క మాట..."

"మాట తరవాత. ఆ మనిషిని తీసుకురా."

"అవ్వా, రెండు దాటి పది నిమిషాలైంది," అన్నాడు ఓయ్వా.

"మంచు మీద మనిషి ఉండగా నేను వాకిలి దాటి పోయేదాన్నట్రా? మీ అమ్మనడుగు, చెబుతుంది. తలుపు మూసెయ్, వేడి పోతోంది."

రిస్తెన్ బండి తిప్పింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఆ ముసలాయన మీద, బెల్జియం దేశం మీద, యజమాని మీద, జ్వరం తెచ్చుకున్న గైడు మీద పంచుకుంటూ పోయింది. జలసంధి కర్రలు కనబడేసరికి పంచడానికి ఎవరూ మిగల్లేదు. తన మీదే పడింది. కళ్ళలో నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి.

లీవెన్ దారి మధ్యలోనే ఉన్నాడు. ఇంజను ఆగిపోయింది, దీపం ఆరిపోయింది. బండి పక్కన నిలబడి చేతులు రుద్దుకుంటున్నాడు. మీసం తెల్లగా గడ్డకట్టింది. ఒక్క అడుగు కూడా దారి దాటి వెయ్యలేదు.

"వస్తారని తెలుసు," అన్నాడు. "ఒకరు కనబడకపోతే అందరం ఆగుతామని పొద్దున చెప్పారు కదా. ఇక భయమెందుకని నిలబడ్డాను."

రిస్తెన్ వంగి బండి చూసింది. ఇంజను ఆపే అత్యవసర మీట ఎప్పుడో మోచేయి తగిలి నొక్కుకుపోయింది, అంతే. దాన్ని పైకి లాగి తాళం తిప్పితే ఇంజను వెంటనే అందుకుంది. ఈసారి ఆయన్ని తన వెనకే రమ్మంది. ఆయన వాదించలేదు. నాలుగు కిలోమీటర్లూ ఆయన నడిపినంత నిదానంగానే నడిపింది, నిమిషానికోసారి తిరిగి చూస్తూ. అవతల టాక్సీ లైట్లు అలాగే వెలుగుతున్నాయి. ప్రతిసారీ తల ముందుకు తిప్పేటప్పుడు అవి ఇంకా ఉన్నాయో లేదోనని వెతుక్కుంది.

పెద్దమ్మ అక్కడే ఉంది.

"ఐదు," అంది. అని, ఓయ్వా చెయ్యి పట్టుకుని టాక్సీలో కూర్చుంది.

రిస్తెన్ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గంటనుకున్నది నిమిషమైంది. ఎన్నో విధాలుగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "ఆ రోజు నేనన్నది..." అని మొదలుపెట్టింది. వెనక ఇవానో బండి ఆపకుండా రొద చేస్తూనే ఉన్నాడు. పెద్దమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. రిస్తెన్ గొంతు పెంచి మళ్ళీ అంది. పెద్దమ్మ తలూపింది. విన్నదో, వినబడక తలూపిందో తెలియదు.

"సూపు మెట్ల మీదుంది, తోలు చుట్టి పెట్టాను. ఉప్పు తక్కువైంది, చూసుకో. ఆ ముసలాయనకు ముందు వడ్డించు, పెదాలు నీలంగా ఉన్నాయి." సీటు బెల్టు తనే లాక్కుంటూ అంది, "ఇకమీద ఈ కిటికీ దగ్గర ఎవరూ ఉండరు పిల్లా. నువ్వే వెనక్కి చూసుకోవాలి."

"చూసుకుంటాను. నేను వస్తాను పెద్దమ్మా, అక్కడికి. వచ్చే వారమే వస్తాను."

"రానన్నావుగా," అంది పెద్దమ్మ. నవ్విందో, చలికి ముడతలు కదిలాయో, ఓయ్వా తలుపు వేసేశాడు.

టాక్సీ మంచు గట్ల మధ్య దారి పట్టి మెల్లగా పోయింది. రిస్తెన్ లేవలేదు. నాలుగు మాటలైనా కుదురుగా చెప్పనివ్వని ఆ రోజంతటి మీదా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంజను ఆపమని ఇవానో మీద మొదటిసారి గట్టిగా అరిచింది. అతను బెదిరిపోయి ఆపాడు. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైంది. ఒక్క నిమిషం ముందు ఈ నిశ్శబ్దం ఉంటే ఎంత బావుండేది.

అప్పుడు చూసింది. టాక్సీ వెనక అద్దంలో ఒక తెల్లటి ముఖం. మెడ తిప్పితే నొప్పని పదేళ్ళుగా పక్కకు కూడా చూడలేని మనిషి, సీటులో ఒళ్ళంతా వెనక్కి తిప్పుకుని ఇటే చూస్తోంది. మలుపు వచ్చేదాకా అలాగే చూస్తూ పోయింది.

లీవెన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఆవిడ నాకోసం ఆగారా?"

"అవును," అంది రిస్తెన్ లేస్తూ. "మీకోసమే ఆగింది."

మెట్ల మీద రెయిన్‌డీర్ తోలులో చుట్టిన గిన్నె ఉంది. మూత తీస్తే ఇంకా ఆవిరి వచ్చింది. పక్కన బోర్లించిన గిన్నెలు ఏడు. ఎంతమంది వస్తున్నారో యజమాని కబురు పంపి ఉంటాడు. వచ్చినవాళ్ళు ఐదుగురు, తనతో ఆరుగురు. రిస్తెన్ మళ్ళీ లెక్కపెట్టింది. ఏడో గిన్నె పెద్దమ్మ రోజూ తాగే చెక్కగిన్నె, అంచు కొద్దిగా విరిగింది. మరిచిపోయిందో, వదిలిపెట్టిందో.

దాన్ని చేతితొడుగులో చుట్టి కోటు లోపల పెట్టుకుంది. తరవాత సూపు రుచి చూసింది. ఉప్పు తక్కువే.