కదిలిన పరదా

చేవెళ్లలో కిరాణా లక్ష్మీనర్సయ్య ఇంట్లో పొద్దున్నే మొదట దేవునికి దీపం, తర్వాత పాలకు పొయ్యి, ఆ తర్వాత కంప్యూటర్‌కు స్విచ్చి. కోడలు సాహిత్య తలంటుకుని, తడి జుట్టుకు తువాలు చుట్టుకుని దాని ముందు కూర్చునేది. అమెరికా డాక్టర్లు రోగులను చూసి చెప్పిన మాటలు రాత్రికి రాత్రి టెలిఫోన్ తీగ వెంట వచ్చి ఆ పెట్టెలో పడి ఉండేవి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ మాటలు విని టైపు చేసి పంపడం ఆమె పని. ఊరూరా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలసిన రోజులవి. భర్త ఉదయ్‌భాస్కర్ పొద్దటి బస్సుకు పట్నంలో ఆఫీసుకు పోయేవాడు. సాహిత్య ఆఫీసు ఇంట్లోనే, దేవుని గది పక్కన.

అత్త కౌసల్యమ్మకు ఆ పెట్టె సాక్షాత్తు సరస్వతి. చెప్పులతో ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు. శుక్రవారం దాని ముందు ఊదుబత్తులు వెలిగించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేది.

చిక్కల్లా ఒక్కటే. కంప్యూటర్ హ్యాంగ్ అయితే ఇల్లు కూడా ఆగిపోయేది. తెర మీద బాణం కదలకుండా నిలిచిన క్షణంలోనే పాలు గిన్నె అంచు దాకా పొంగి అక్కడే ఆగేవి. కుక్కర్ కూత సగంలో తెగేది. ఊదుబత్తి పొగ దారంలా గాలిలో నిలబడేది. లోపలివాళ్లు ఎక్కడివాళ్లక్కడే, నోటి దగ్గరి ముద్ద నోటి దగ్గరే. వాళ్లకేమీ తెలిసేది కాదు. బయటి నుంచి ఎవరైనా గడప మీద కాలు పెడితే వాళ్లూ అట్లాగే ఉండిపోయేవాళ్లు. పాలు పోసే శివయ్య ఒకసారి ఒక కాలు లోపల, ఒక కాలు బయట, చేతిలో చెంబుతో నిలబడిపోయాడు. అప్పటి నుంచి వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగి, "హ్యాంగయినట్టున్నది, మళ్లొద్దాం" అనుకుని పోయేవాళ్లు.

కరెంటు మీటరు బయటి గోడకు ఉండడం మంచిదైంది. పక్కింటి విమలమ్మ కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి వచ్చి, ఫ్యూజు పీకేది. కంప్యూటర్ ఆరిపోయేది. ఆ వెంటనే పాలు పొంగి పొయ్యి మీద పడేవి, కుక్కర్ మిగిలిన కూత కూసేది.

"ఎంతసేపాయె చిన్నత్తమ్మా?" అని సాహిత్య కిటికీలోంచి అడిగేది.

"నేనొక జాకెటు కుట్టి, కాజాలు గూడ వేసిన. నీకేమమ్మా, ఆగినంతసేపు వయసు గూడ ఆగుతది. ముసలిదాన్నయ్యేది నేనే," అని విమలమ్మ ఫ్యూజు మళ్లీ పెట్టి పోయేది.

దాన్ని బాగు చేయించడానికి ఆ ఇంట్లో చేయని పని లేదు. పొలాలకు బోరు కరెంటు వదిలే వేళకు వోల్టేజీ పడిపోతున్నదని స్టెబిలైజర్ పెట్టారు. మెమరీ ముక్క ఊడదీసి, పిల్లలు రాతలు చెరిపే రబ్బరుతో రుద్ది పెట్టారు. వైరస్‌లను ఏరిపారేసే సీడీ నడిపారు. విండోస్ తుడిచేసి కొత్తగా వేశారు. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ నీలం తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. పంపాల్సిన ఫైళ్లు వేళకు అందక, ఇంకొకసారి ఆలస్యమైతే పని ఇవ్వమని కంపెనీవాళ్లు చెప్పారు.

చివరికి మొయినాబాద్ నుంచి మెకానిక్ సాలోమోను వచ్చి, డబ్బా మొత్తం విప్పి చూశాడు. ఫ్యాను రెక్కల మధ్య ఊదుబత్తి బూడిద, జిడ్డు కలిసి మెత్తటి ముద్దలా పట్టి ఉంది.

"అమ్మా, మీ భక్తికి దీనికి ఊపిరాడుతలేదు. ఊదుబత్తి జర దేవునికే పెట్టుండ్రి," అన్నాడు.

"నువ్వు చర్చికి పోయేటోనివి, నీకేం తెలుసు," అన్నది కౌసల్యమ్మ.

"మేం గూడ కొవ్వొత్తి పెడ్తమమ్మా. కంప్యూటర్ ముందటైతే పెట్టం."

ఆమెకూ నవ్వు వచ్చింది. అతడు కొత్త ఫ్యాను బిగించి, పోతూ పోతూ సాహిత్యతో అన్నాడు: "వాయిస్ ఫైలు, వైరస్ సీడీ, ఇంటర్నెట్ మూడూ ఒక్కపారి నడపకు చెల్లె. దీనికంత బలం లేదు. మళ్ల ఆగుతది."

అంతే. ఇల్లు ఆగడం మానేసింది.

అప్పటికి సాహిత్యకు ఏడో నెల. ఇది రెండో కడుపు. మొదటిసారి మూడో నెలలోనే బంధువులకంతా చెప్పుకున్నారు, నెల తిరగకుండా పోయింది. దిష్టి తగిలిందని కౌసల్యమ్మ నమ్మింది. ఈసారి నొప్పి వచ్చినా, నలత చేసినా గడప దాటి మాట పోవద్దన్నది. పుట్టింటికి పంపాలంటే మూఢం పోయేదాకా ఆగమన్నాడు పంతులు.

ఆ మధ్యాహ్నం లక్ష్మీనర్సయ్య సరుకుకు బేగంబజార్ పోయాడు. సాహిత్య నీళ్లకని కుర్చీలోంచి లేచింది. కుర్చీ ఎర్రగా తడిసి ఉంది. కడుపు రాయిలా బిగుసుకుంది. ఇటువంటి కేసులు ఆమె ఎన్నో టైపు చేసింది. మాయ గర్భసంచి గోడ నుంచి ఊడిందని డాక్టరు నిమ్మళంగా చెప్పేవాడు. ఆ కింది వాక్యంలోనే, అదే గొంతుతో, తల్లీ బిడ్డా పోయారని చెప్పేవాడు.

ఉదయ్‌భాస్కర్ ఫోన్ ఎత్తలేదు. పట్నంలో ఆమెను చూసే డాక్టరమ్మ ఎత్తింది. "కదిలించకండి, ఆటోలో అసలే వద్దు. రక్తం తీసుకుని నేనే బండిలో వస్తున్నా. గంట పడుతుంది. మీ సందు మాకు దొరకదు, రోడ్డు మీద ఎవరైనా నిలబడండి."

"గంట నేనుండ అత్తమ్మా," అన్నది సాహిత్య.

"అట్లనకు బిడ్డా."

"ఈ పెట్టెను హ్యాంగ్ చేస్త. ఇల్లు ఆగితే నెత్తురు గూడ ఆగుతది. నువ్వు బయటికి పో. డాక్టరమ్మ వచ్చి గడప ముందట నిలబడ్డంకనే ఫ్యూజు పీకు. అందాక ముట్టకు."

కౌసల్యమ్మ కోడలి తల మీద చెయ్యి పెట్టి, అమ్మవారి పేరు తలచుకుని, బయటికి వచ్చింది. లోపల సాహిత్య వాయిస్ ఫైలు పెట్టింది. వైరస్ సీడీ తోసింది. ఇంటర్నెట్ కలిపింది. మోడెం కీచుమంటూ ఉండగానే ఆ చప్పుడు తెగిపోయింది. ఫ్యాను గాలికి కిటికీలోంచి బయటికి ఉబ్బిన పరదా ఉబ్బినట్టే ఆగింది.

కౌసల్యమ్మ గేటు వేసింది. విమలమ్మ అరుగు మీద కూర్చుని దారం ఎక్కిస్తున్నది.

"ఏడికక్కా గింత ఎండల?"

కౌసల్యమ్మకు మాట నోటి దాకా వచ్చింది. మూడో నెలలో పంచిన మిఠాయిలు గుర్తుకొచ్చాయి.

"ఊకెనే. సడక్ దాక."

"గొడుగన్న పట్టుకపోరాదు."

"వస్త ఇప్పుడే."

రోడ్డు మీద ఆమె కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. పట్నం దిక్కు నుంచి వచ్చే ప్రతి తెల్ల బండికీ చెయ్యెత్తింది. లారీలు దుమ్ము కొట్టి పోయాయి. తల్లీ కన్యకాపరమేశ్వరీ, ఈ ఒక్క గంట నాకియ్యి, అని అడిగింది. అడిగినదాంట్లో చాలా మటుకు దొరికింది కూడా.

ఇక్కడ విమలమ్మ జాకెటు చేతులు అతికి, దారం తెంపడానికి తలెత్తి చూసింది. పక్కింటి పరదా ఉబ్బి కదలకుండా ఉంది. మళ్లీ మొదలైందా ఇది, అనుకున్నది. అత్త ఇంట్లో లేదు, పిల్ల పని ఆగిపోయె, మళ్ల ఆ కంపెనీవాళ్లు మాటలంటరు పాపం. ఎప్పటిలాగే గేటు తీసుకుని పోయి, మీటరు దగ్గర చెయ్యెత్తి, ఫ్యూజు పీకింది.

లోపల నుంచి మూలుగు వినిపించింది.

బండి వచ్చింది. కౌసల్యమ్మ డ్రైవరు పక్కన కూర్చుని దారి చూపింది. వెనక డాక్టరమ్మ చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటున్నది. "ఇగో గీ సందే. ఆ నీలం గేటు," అన్నది కౌసల్యమ్మ, వేళకు వచ్చామన్న గొంతుతో. అంటూనే ఇంటి దిక్కు చూసింది.

కిటికీ పరదా మెల్లగా ఊగుతున్నది.

గదిలో విమలమ్మ నేల మీద కూర్చుని, సాహిత్య తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. చీర కుచ్చిళ్లంతా నెత్తురు. "అక్కా, నేను చూసినప్పటికే గిట్లున్నది. కేకలేసిన, ఎవ్వలు లేరు," అన్నది.

సాహిత్య దక్కింది. మగబిడ్డ దక్కలేదు. ఇల్లు ఆగిన ఆ ముప్పావుగంట తల్లిని నిలబెట్టింది, కదిలిన కాసేపు బిడ్డను తీసుకుపోయింది. "బిడ్డ గుండె ఆగి ఎంతోసేపు కాలేదు," అన్నది డాక్టరమ్మ ఉదయ్‌భాస్కర్‌తో. "పది నిమిషాల ముందైతే..." కౌసల్యమ్మ గోడకు ఆనుకుని విన్నది.

సాహిత్య ఇంటికి వచ్చిన వారానికి విమలమ్మ శొంఠి కారం, నెయ్యి కలిపిన అన్నం గిన్నెలో తెచ్చింది. మంచం పక్కన కూర్చుని, పిల్ల కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"నాకు నిద్ర వడ్తలేదు బిడ్డా. ఆ పొద్దు నేను ఫ్యూజు పీకకపోతే ఎవ్వలు చూసేటోళ్లు నిన్ను? లోపలనే పడుంటివి. దేవుడే నా చెయ్యి పట్టుకుని పీకిచ్చిండు."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న కౌసల్యమ్మ చేతిలో చాట ఆగింది.

సాహిత్య పైకప్పు వైపు చూసింది. తర్వాత విమలమ్మ వైపు తిరిగింది.

"అవును చిన్నత్తమ్మా. నువ్వుంటివి గాబట్టి," అన్నది.

గిన్నె తీసుకుని, ఒక్కొక్క ముద్దా మింగుతూ, అడుగు దాకా తిన్నది. విమలమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కౌసల్యమ్మ చాట పక్కన పెట్టి, కుంకుమ బరిణె తెచ్చి, ఆమెకు బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం పక్కకు పోయింది. విమలమ్మ అది చూసుకోకుండానే, ఖాళీ గిన్నె పట్టుకుని తన ఇంటికి పోయింది.