ఇరవై రెండు మెట్లు

దివ్యాంగులట! బ్యానరు మీద ఆ మాట ఇంత లావున రాసి, సర్టిఫికెట్లిచ్చే క్యాంపు మాత్రం దవాఖానా పై అంతస్తులో పెట్టారు. కింది నుంచి ఇరవై రెండు మెట్లు. లిఫ్టు పాడైందని తలుపుకు అట్టముక్క కట్టారు.

ములకలపల్లి అవతలి గూడెం నుంచి వచ్చిన ఆదెమ్మ పదహారేళ్ల కూతుర్ని వీపున వేసుకుని మొదటి మెట్టు దగ్గరే రొప్పుతోంది.

"దించు పెద్దమ్మా" అంది పక్కనే నేల మీద కూర్చున్న తబస్సుం.

తబస్సుం సారపాకలో బట్టలు కుట్టి బతుకుతోంది. కండరాలు కరిగిపోయే జబ్బు, ఏటేటా ఇంత తినేస్తోంది. సర్టిఫికెట్టుంటే బ్యాటరీ బండి వస్తుంది. అది లేకపోతే ఇక దుకాణానికి పోలేదు, మంచానికి అతుక్కుపోవడమే. కిందటి క్యాంపులో ఆమె చేసిన తప్పొకటే. ఎవరిచేతా మోయించుకోనని పంతం పట్టి, గంటసేపు పాకుతూ ఎక్కింది. డాక్టరు ముందు మర్యాదకు తొడల మీద చేతులూని లేచి నిలబడింది కూడా. ఆయన తలెత్తకుండా "స్వయంగా మెట్లెక్కి వచ్చినది, ముప్పై శాతం" అని రాసేశాడు. నలభై లేనిదే బండి లేదు. ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మండి ఊరుకోలేదు. అదే జబ్బున్నవాళ్లను ఏన్కూరు దాకా ఫోన్లు చేసి వెతికింది. పదకొండు మంది దొరికారు. ఎక్కితే జబ్బు లేదన్నారట, ఎక్కకపోతే రాలేదని రాసుకున్నారట. ఇవాళ అందరూ కలిసే వచ్చారు.

"మోసుకొచ్చేటోళ్లు జల్దీ రాండ్రి! పన్నెండుకు బంద్" అని పైనుంచి అరిచాడు అటెండరు ప్రభాకర్.

"ఎవ్వలం ఎక్కం. డాక్టరునే దిగమను" అంది తబస్సుం. అందరూ మెట్లకు అడ్డంగా కూర్చున్నారు.

ఆదెమ్మ జంకింది. "సార్లతోటి కొట్లాడితే అసలుకే రాయరు గద బిడ్డా?"

"పోయినసారి దండం పెట్టినం గద. ఏం రాసిండ్రు?"

ఆదెమ్మ కూతుర్ని దించి పక్కనే చతికిలబడింది. తమ్ముణ్ణి భుజాన మోసుకొచ్చిన మిల్లు కూలీ ధన్‌సింగ్ "మోసుడు బంద్!" అని కేక పెట్టాడు. వరుసలో ఉన్న అరవై మందీ అందుకున్నారు.

అరగంటలో ఎస్సై దిగాడు.

"దారి ఇడుస్తరా, స్టేషనుకు నడుస్తరా? ఎక్కుండ్రి వ్యాను!"

వ్యాను మెట్టు మోకాళ్లకు పైన ఉంది. తబస్సుంకు నవ్వొచ్చింది, ఆ నవ్వు నిండా కోపమే.

"మేం ఎక్కలేం సార్."

"ఏంది నాటకాలు? ఎందుకెక్కలేరు?"

"గదే రాయుండ్రి. ఎవలెవలు ఎక్కలేకపోయిండ్రో పేర్లతోటి రాసి సంతకం పెట్టుండ్రి. గా ముక్క రాయనీకి పైన సారుకు చెయ్యొస్తలేదు."

ఎస్సై మొహం ఎర్రబడింది. "ఎత్తుండ్రి వీళ్లను!"

కానిస్టేబుల్ వంగేసరికి ఆదెమ్మ అతని చెయ్యి విసిరికొట్టింది. "నా బిడ్డను ముట్టకు! ముందుగాల రాయి!"

"రాయాలె! రాయాలె!" ఆవరణంతా హోరెత్తింది. పైన కిటికీలో డాక్టరు తల కనిపించింది. పన్నెండు దాటినా మెట్ల మీంచి ఒక్కరూ కదల్లేదు.